కొయ్యని చెరకు

హెడ్‌ఫోన్లలో ఎవరో ఊపిరి తీస్తున్నారు. సాక్షి కుర్చీ ఖాళీగానే ఉంది, దాని ముందు బల్ల మీద మైకు, నీళ్ళ గ్లాసు, కళ్ళు తుడుచుకోవడానికి పెట్టిన కాగితపు రుమాళ్ళ డబ్బా, అంతే, మనిషన్నవాడు లేడు, అయినా ఊపిరి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది, చివర్లో సన్నగా ఈల వేస్తోంది. వాసీని అడిగితే పంకా గాలి మైకుకి కొడుతోందక్కా అంటాడు. వాసీ ఇక్కడ సౌండు చూసేవాడు, దయ్యం ఎదురుగా వచ్చి నిలబడ్డా వదులైన వైరు ఎక్కడుందా అని వెతికే రకం, అందుకే వాడంటే నాకిష్టం, అందుకే వాడిని అడగను. భోజనాలకి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. వెనక వరండాలో అందరూ మటన్ కూర, అన్నం తింటున్నారు, ఆ వాసన ఈ గాజు గదిలోకి కూడా దూరింది, నేను మాత్రం వెళ్ళలేదు. ఇది డర్బన్ దగ్గర టోంగాట్‌లో పెళ్ళిళ్ళు చేసే హాలు. నా పెళ్ళి విందు కూడా ఇక్కడే జరిగింది, ఇప్పుడు సాక్షులు కూర్చునే వేదిక మీదే మా ఆయనా నేనూ ఎర్ర కుర్చీల్లో కూర్చుని నవ్వలేక నవ్వుతూ ఫోటోలు తీయించుకున్నాం, ఆయన పోయి చాలా కాలమైంది, ఆ ఎర్ర కుర్చీలు ఏమయ్యాయో తెలియదు. ఇప్పుడు కొత్త ప్రభుత్వం వచ్చింది, తెల్లవాళ్ళ పాత ప్రభుత్వం కింద ఏం జరిగిందో జనం వచ్చి ఈ హాల్లో చెబుతారు, చేసినవాళ్ళూ వచ్చి చెబుతారు, క్షమాపణ అడుగుతారు. నేను భానుమతిని. ఈ గాజు గదిలో కూర్చుని జూలూని ఇంగ్లీషు చేస్తాను, ఇంగ్లీషుని జూలూ చేస్తాను. రేపు పేపర్లో పడేది నా మాట, ఆదివారం సాయంత్రం టీవీలో వినిపించేది నా గొంతు.

మాకొక నియమం ఉంది. తల్లి చెబుతుంటే ఆవిడ ఇలా అంటోంది అనకూడదు, నేను అనాలి. నా కొడుకుని పొద్దున్నే తీసుకెళ్ళారు, నేను వెనకాల పరుగెత్తాను, నా చెప్పు తెగింది. కాసేపటికి ఆ తీసుకెళ్ళినవాడు వచ్చి కూర్చుంటాడు, అప్పుడూ నేనే. నేను అతని తలకి తడి సంచి తొడిగాను, మెడ దగ్గర బిగించాను, కాళ్ళు కొట్టుకోవడం ఆగాక కొంచెం వదులు చేశాను. ఒకే పూటలో నేనే చచ్చిపోయాను, నేనే చంపాను, మధ్యలో టీ తాగాను. మొదటి వారం ఇంటికెళ్ళి గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. తర్వాత అలవాటు పడిపోయానులే అనుకున్నాను, కాదని మొన్న వాసీ చూపించాడు. అక్కా, ఇది విను అని టేపు పెట్టాడు, జూలూలో ముసలావిడ గొంతు ఒక వైపు, ఇంగ్లీషులో నాది ఇంకో వైపు. నా గొంతు ముందుంది. ఆవిడ నోరు తెరవకముందే నేను చెప్పేస్తున్నాను, ఎంతో కాదు, ఒక గుక్క ముందు, అయినా ముందే. ఆవిడ చెప్పబోయే పేరు కూడా ముందే చెప్పాను. వాసీ టేపు సాగిందేమో చూస్తానన్నాడు. నేను సరేనన్నాను. ఆ రాత్రి మా అన్న రెజీ ఇంటికి భోజనానికి వెళితే వాడు టీవీ సౌండు తీసేసి బొమ్మలు మాత్రం చూస్తూ కూర్చున్నాడు, ప్రతి ఆదివారం అంతేనట. సౌండు పెట్టరా అంటే తల అడ్డంగా ఊపాడు. "ఆ పోలీసోడి నోట్లోంచి నీ గొంతొస్తది భానూ. నాకొద్దు," అన్నాడు, అని పళ్ళెంలోకి చూసుకున్నాడు.

ఇవాళ పొద్దున నీళ్ళ డబ్బా దగ్గర ఒకావిణ్ణి చూశాను. నల్ల దుప్పటి, మడమల దాకా పాత గౌను, చేతిలో ప్లాస్టిక్ సంచి, చెప్పులు తుడిచి తుడిచి వేసుకొచ్చినట్టున్నాయి. మధ్యాహ్నం మొదటి సాక్షి పేరు మాకు ముందే చెప్పారు గాని ఈవిడేనని నాకు తట్టలేదు, ఈ ప్రాంతంలో ఆ పేరు గలవాళ్ళు వీధికి ఇద్దరుంటారు. థోకొజిలే. ఉమ్‌హ్లాలిలో మా షాపు వెనక ఇంట్లో మా అమ్మ బట్టలుతికిన థోకొజిలే, నా స్కూలు గౌనుకి గంజి పెట్టిన థోకొజిలే, పోలీసులు పట్టుకుపోయాక మళ్ళీ కనపడని భేకి పెళ్ళాం. నేను పక్కకి తప్పుకుందామనుకునే లోపే ఆవిడ తల తిప్పింది. "భానూ, నువ్వా," అంది జూలూలో, "లావయ్యావు." నేను నవ్వాను, నిజంగానే నవ్వొచ్చింది. చేతులు పట్టుకుంది, సబ్బుకి అరిగిన ఆ అరచేతులు ఇంకా అలాగే ఉన్నాయి. మీ అమ్మ బాగుందా అంది. బాగుంది మా, అన్నాను, ఇక్కడ పెద్ద ఆడవాళ్ళని మా అనే పిలుస్తాం. అప్పుడు గొంతు తగ్గించి, నేలవైపు చూస్తూ చెప్పింది. "నేను ఎవరి పేరూ చెప్పను. ఆయన పోయాక మీ అమ్మ నా పిల్లలకి ఒక ఏడాది అన్నం పెట్టింది. ఆ ఇంటి మీదికి నా నోటితో మనుషుల్ని తోలను. ఆయన ఎక్కడున్నాడో ఒక్కటే అడుగుతాను, వీళ్ళు పెద్దవాళ్ళు కదా, వెతికి పెడతారు." నేను తల ఊపాను. నా గుండె మీంచి బస్తా దింపినట్టయింది, అంత హాయిగా అనిపించింది, ఆ హాయి చూసి నాకే అసహ్యం వేసింది.

ఎలా వెతుకుతారు మా, ఎక్కడని వెతుకుతారు. ఈ పనిలో చేరేముందు డర్బన్‌లో మాకు కొన్నాళ్ళు పాఠాలు చెప్పారు, అందులో ఒకరోజు అమెరికా నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ మాట్లాడింది, నల్లావిడ, మెడలో పెద్ద పూసలు. వాళ్ళ దేశంలో తోటల నుంచి పారిపోయిన బానిసలు ఉత్తరాది ఊళ్ళకి వచ్చి సభల్లో తమ కథ తామే చెప్పుకున్నారట, కొందరు రాసుకున్నారు, రాయడం రానివాళ్ళు చెబితే ఇంకొకరు రాశారు. మొదట్లో జనం సర్కస్‌కి వచ్చినట్టు వచ్చేవాళ్ళట, వీపు చూపించమనేవాళ్ళు, కన్నీళ్ళొచ్చే ముక్క మళ్ళీ చెప్పమనేవాళ్ళు. దక్షిణాది దొరలు పేపర్లలో రాయించారు, మా బానిసలు పాటలు పాడుకుంటూ సుఖంగా ఉన్నారు, వీళ్ళంతా అబద్ధాలకోర్లు అని. బాగా మాట్లాడేవాణ్ణి చూసి వీడు బానిస అయ్యుండడు అన్నారు, అప్పుడు వాళ్ళ మేలు కోరే తెల్లవాళ్ళే కాస్త మొరటుగా మాట్లాడవయ్యా, నమ్ముతారు అని చెప్పారట. అక్కడ మేమంతా నవ్వాం. కానీ ఆవిడ నవ్వలేదు. జనం మనసు ఎప్పుడు తిరిగిందో తెలుసా అంది. ఒక దొర అని చెప్పినంత కాలం అది కథ. ఫలానా నది పక్కన, ఫలానా తోట, దాని యజమాని పేరు ఇది, కొరడా పట్టినవాడి పేరు ఇది అని ఒకతను చెప్పాక, వాడు అబద్ధమాడుతున్నాడని ఆ ఊరివాడొకడు పేపరుకి రాశాడట, నాకు ఆ దొర తెలుసు, ఆ కుర్రాడూ తెలుసు, వాడికింత తెలివి లేదు అని. అంటే మనుషులూ ఊరూ నిజమేనని వాడే ఒప్పుకున్నట్టయింది. ఇక కాదనడం ఎవరి తరమూ కాలేదు. పేరు చెప్పినందుకు తనని పట్టుకుపోతారని చెప్పినవాడు భయపడి సముద్రం దాటి పోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి. నేను చెయ్యి ఎత్తాను. చెప్పినవాళ్ళ మాట ఇంకొకరు రాశారన్నారు కదా, ఆ రాసినవాళ్ళు ఒక పేరు వదిలేస్తే? "అలా వదిలేసినవి ఎన్నో మనకి తెలియదు, తెలిసే దారి లేదు," అంది ఆవిడ. అప్పటికి నా మనసులో ఏమీ లేదు, ఊరికే అడిగాను, తరగతిలో ప్రశ్న అడిగే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

ఇంగ్లండులో కూడా ఆ కథలకి హాళ్ళు నిండాయట. అంతకుముందే అక్కడి ఆడవాళ్ళు కొందరు బానిసల చెమట ఉందని టీలో చక్కెర మానేశారు. ఎంత మంచి ఆడవాళ్ళో. తర్వాత బానిసత్వం పోయింది, కళ్ళు తుడుచుకున్నారు, మళ్ళీ టీలో చక్కెర కావాలి కదా. అమెరికా బానిసల మాట విని లివర్‌పూల్‌లో ఏడుస్తున్న రోజులకీ మద్రాసు రేవులో మావాళ్ళు ఒప్పందపు కూలీలుగా ఓడెక్కిన రోజులకీ మధ్య ఎంత దూరం, ఒక తరం కూడా లేదు. విశాఖపట్నం నుంచి, గంజాం నుంచి వచ్చి ఈ నేలలో చెరకు నాటారు. మా అవ్వ చెప్పేది, వాళ్ళ తాతని కూలీల మీద పెత్తనం చేసే సర్దారు బావి దగ్గర కట్టేశాడని, ఎందుకు కట్టేశాడంటే ఆవిడకి తెలియదు, సర్దారు పేరు ఏమిటంటే తెలియదు, తాత పేరే సగం తెలుసు. ఆ కథ విని ఎవరైనా చక్కెర మానేశారా, మేమే మానలేదు, ఆవిడ చెబుతుంటే మేము బూందీ తింటూ విన్నాం. ఇప్పుడు ఇక్కడ మాత్రం ఏమిటి, మొదట్లో టోంగాట్ బజారులో మావాళ్ళంతా ఈ ఏడుపు కార్యక్రమం ఇంకెన్నాళ్ళు అన్నవాళ్ళే. మా పక్కింటి డేజీ అయితే, అంతా యాక్టింగు భానూ, వాళ్ళకి ఇల్లొస్తుందని చెబుతారు అనేది. ఒక ఆదివారం టీవీలో ఒక తల్లి ఒక పోలీసు పేరు చెప్పింది, మన వెరులమ్ స్టేషన్లో ఉండేవాడు, మన డేజీ కొడుకు బండికి లైసెన్సు ఇచ్చినవాడు. ఆ మర్నాడు డేజీ వచ్చి మా మెట్ల మీద కూర్చుంది, నేనిచ్చిన టీ చల్లారిపోయింది. వాడు నాతో నవ్వుతూ మాట్లాడాడు అని మాత్రం అంది. పేరు వినే వరకు ఆవిడకది ఎవరి గోడో, విన్నాక తన గడపలోకి వచ్చింది. ప్రొఫెసరమ్మ చెప్పింది పాఠంలో కాదు, డేజీ ముఖంలో అర్థమైంది నాకు.

ఊపిరి ఆగింది. లేదు, ఉంది, నేను ఊపిరి పట్టినప్పుడు అదీ ఆగుతోంది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెడితే అందులోంచి గాజు మీద ఈగ కొట్టుకుంటున్నట్టు చప్పుడు. మళ్ళీ పెట్టుకున్నాను.

దీపావళి ముందు రోజు మేము పోయినవాళ్ళకి ఆకులు వేస్తాం. తాత తరం నుంచీ అంతే, ఇక్కడ పుట్టినవాళ్ళకి తెలుగు పోయింది, మాట్లాడదామంటే తిట్లూ దేవుడి పేర్లూ కూరల పేర్లూ మిగిలాయి, ఆకులు మాత్రం పోలేదు. ఒక్కొక్కరికీ ఒక అరిటాకు, ఎవరికేది ఇష్టమో అది పెట్టాలి, నాయనకి ఎండుచేపల కూర, ఒక చిన్న గ్లాసులో బ్రాందీ, సిగరెట్టు, అవ్వకి గారెలు, తమలపాకు. కర్పూరం వెలిగించి తలుపు మూసి అందరూ బయట కూర్చుంటాం. లోపల వాళ్ళు తింటారు. కాసేపయ్యాక తలుపు తట్టి, చెప్పి లోపలికి వెళ్ళాలి, తట్టకుండా వెళితే తింటున్నవాళ్ళు ఉలిక్కిపడతారు. రెజీ ఇంట్లోనే ఇదంతా, పెద్దకొడుకు కదా. మొన్న దీపావళికి మా అమ్మ సూరమ్మ నా చీర కొంగు పట్టుకుని వంటింట్లోకి లాగింది. ఎన్నో ఏళ్ళుగా వాడు ఒక ఆకు ఎక్కువ వేస్తున్నాడట, చివర, గోడవారగా, ఎవరికిరా అంటే చెప్పడట. నేను వెళ్ళి చూశాను. ఆ ఆకులో మా వంట ఏదీ లేదు. సగం రొట్టె, మధ్యలో మామిడి అచ్చారు కుక్కి పెట్టాడు, పక్కన ఆకుపచ్చ క్రీమ్ సోడా సీసా, మూత తీసి. మా ఇంట్లో పోయినవాళ్ళెవరూ అది తినలేదు. అది తిన్నవాణ్ణి నేనెరుగుదును, శుక్రవారం సాయంత్రం చక్కెర మిల్లులో బాయిలర్ దగ్గర పని దిగి, చేతులకి మసితోనే వచ్చి మా షాపు మెట్ల మీద కూర్చుని తినేవాడు, తింటూ నా జూలూలో తప్పులు దిద్దేవాడు, నేను ఇవాళ ఈ గదిలో పలికే మాటల్లో సగం భేకి నోట్లోంచి వచ్చినవే. యూనియన్ పెట్టినవాడు, మిల్లుని మూడు వారాలు ఆపినవాడు. పాత ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో ఒక శుక్రవారం ఆ మెట్ల మీంచే పోలీసులు వ్యాను ఎక్కించారు, అంతే. నేనప్పుడు డర్బన్‌లో ఉన్నాను. రెజీని కూడా దానికి ముందే రెండు రోజులు లోపల పెట్టి వదిలారని తర్వాత తెలిసింది, అప్పటి నుంచి వాడికి ఎడమ చెవి వినపడదు.

తలుపు మూసే ముందు అందరూ బయటికి వచ్చారు, రెజీ చివరివాడు. నేను కిటికీ పక్కన ఉన్నాను. వాడు గోడవారగా వంగి చాలా మెల్లగా జూలూలో అన్నాడు, "తిను తమ్ముడూ." ఇంకేమీ లేదు. తర్వాత తలుపు తట్టి వెళ్ళాక మా అమ్మ ఆ సోడా సీసా ఎత్తి చూపించింది, రెండు గుక్కలు తగ్గి ఉంది, నీ అన్నే తాగుంటాడు అనుకో అంది, తనకే నమ్మకం లేకుండా. మిగతా ఆకులన్నీ కాకులకి పెట్టాం, ఆ ఒక్క ఆకు రెజీ మడిచి పట్టుకుని చెరకులోకి వెళ్ళాడు, వట్టి చేతులతో వచ్చాడు. షాపు వెనక మాకు కొంచెం చెరకు ఉంది. ఇక్కడెవరైనా కోతకి ముందు చెరకుని కాలుస్తారు, ఆకు మండిపోయి గడలు నిలుస్తాయి, నల్లని మసి ఊరంతా ఉతికిన బట్టల మీద పడుతుంది. రెజీ అంతా కాలుస్తాడు, అంతా కోయిస్తాడు, వాగు వైపు మూల ఒక్క ముక్క తప్ప. నిప్పు అటు పోకుండా తనే పార పట్టి చుట్టూ గడ్డి చెక్కుతాడు. కొయ్యని చెరకు ఏళ్ళ తరబడి పెరిగి, పూసి, వంగి, ఒకదాని మీద ఒకటి పడి, దానిలోంచి మళ్ళీ లేచి, మనిషి దూరలేనంత గుబురైంది. గాలి లేని మధ్యాహ్నం కూడా అందులో ఆకులు రాసుకుంటాయి. కూలీలు అటు పోరు, నీళ్ళు తాగడానికి కూడా పోరు. ఆ సాయంత్రం నేను ఆ గుబురు అంచున నిలబడ్డాను, లోపల ఎవరో రొట్టె నములుతున్నట్టు వినిపించింది, ఎలకలే అయ్యుండాలి. రెజీ వెనకాలే వచ్చాడు. "అటు పోకు భానూ, పాములున్నై," అన్నాడు. నేను వాడి ముఖం చూశాను, వాడు నా ముఖం చూశాడు, ఇద్దరం ఇంటికి వచ్చి లడ్డూలు తిన్నాం.

వాడు రాక్షసుడు కాదు. అదే నా బాధ. నన్ను బండిలో ఎక్కించుకుని పరీక్షలకి తీసుకెళ్ళినవాడు, మా ఆయన పోయినప్పుడు నా పక్కన నేల మీద పడుకున్నవాడు. చెవి పగిలేలా కొడితే భేకి శుక్రవారం సాయంత్రం వస్తాడని చెప్పాడు, ఆ రాత్రి పోలీసులు శవంతో తిరిగొచ్చి చెరకు గేటు తియ్యమంటే తీశాడు, నేననుకోవడం అంతే, నేనైతే ఆ మొదటి దెబ్బకే చెప్పేదాన్నేమో, నాకేం తెలుసు. కానీ తర్వాత ఇన్నేళ్ళు. వారం వారం థోకొజిలే వచ్చి మా అమ్మ బట్టలుతికి, ఆ చెరకుకేసి చూస్తూ తీగ మీద ఆరేసి వెళ్ళింది. ఆకు వేశాడు గాని ఆవిడకి ఒక్క మాట చెప్పలేదు. ఆ ఆకు ఎవరికో తెలియనట్టు అడిగింది గాని అమ్మకి అంతా తెలుసు, నేను అడగకుండానే ఆ దీపావళికే చెప్పింది. "నీ నోట్లోనే పెట్టుకో అమ్మాయ్. వాడు జెయిలుకి పోతే నాకు గంజి ఎవరు పోస్తరు?" అంది, అని గారెల పిండి కలపడం మొదలెట్టింది, ఆ చేత్తోనే కదా ఒక ఏడాది భేకి పిల్లలకి పెట్టింది, దయతో పెట్టిందో, భయంతో పెట్టిందో, రెండూ కలిపి పెట్టిందో. థోకొజిలే వాళ్ళకీ ఒక పద్ధతి ఉంది, నేనెరుగుదును. మనిషి ఇంటికి దూరంగా చనిపోతే, ప్రాణం పోయిన చోటికి ముళ్ళ కొమ్మ పట్టుకుని వెళతారు, పేరు పెట్టి పిలుస్తారు, పద, ఇంటికి పోదాం అంటారు. ఆ కొమ్మ పట్టుకున్నవాళ్ళు దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు, టాక్సీలో ఆయనకీ ఒక సీటు తీసుకుంటారు, ఇంటికి తెచ్చి గుమ్మం లోపల దింపుతారు. చోటు తెలియకపోతే ఆ పనేదీ కుదరదు. మేము ఆయన్ని మా ఇంట్లో గోడవారగా కూర్చోబెట్టి రొట్టె పెడుతున్నాం, ఆవిడ ఇంట్లో ఆయన చోటు ఖాళీ. మా ఆకు ఎంత మంచిదైనా అది దొంగతనమే. నాకిప్పుడు కోపం వస్తోంది, రెజీ మీద, అమ్మ మీద, పేరు చెప్పనన్న థోకొజిలే మంచితనం మీద. ఎంతసేపూ మంచివాళ్ళే నోరు మూసుకోవాలా. నేను అడ్డం తప్పుకోవచ్చు, నాకు బాగాలేదని వాసీకి చెబితే ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. వాళ్ళు ఆవిడ చెప్పింది చెబుతారు, చెప్పనిది చెప్పరు. నేను కూర్చున్నా అంతే చెప్పాలి. చెప్పనిది చెప్పే అనువాదకురాలిని ఆ సాయంత్రమే ఇంటికి పంపుతారు, పంపాలి కూడా, ఎదుటివాళ్ళ నోట్లో మాటలు పెట్టేవాళ్ళు ఈ గదిలో ఉండకూడదు. ఒక దొర, ఒక షాపువాడు, ఎవరో ఒకరు. రేపు పేపర్లో అదే వస్తుంది, ఎవరో ఒకరు, చదివి పేజీ తిప్పేస్తారు.

జనం వస్తున్నారు. కుర్చీలు జరుగుతున్నాయి, దగ్గులు, పిల్ల ఏడుపు, విలేకరులు మొదటి వరుసలో హెడ్‌ఫోన్లు తగిలించుకుంటున్నారు. థోకొజిలే వేదిక ఎక్కి ఖాళీ కుర్చీలో కూర్చుంది, సంచి కుర్చీ కింద పెట్టింది, ఎవరో ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు సర్దారు. అధ్యక్షుడు ఇంగ్లీషులో స్వాగతం చెప్పాడు, నేను జూలూలో ఆవిడ చెవిలో చెప్పాను, నా గొంతు వినగానే గాజు వైపు చూసి కొంచెం తల ఊపింది. మొదలుపెట్టింది. నా పేరు థోకొజిలే అన్నాను నేను. నా భర్త మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఆ శుక్రవారం నేను బీన్స్ ఉడకబెట్టాను, ఆయన రాలేదు, షాపు మెట్ల మీంచి పోలీసులు ఎక్కించుకుపోయారన్నారు. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళాను, అలాంటి మనిషిని మేము చూడలేదన్నారు. ఇంకో స్టేషన్‌కి వెళ్ళాను. ఆస్పత్రికి వెళ్ళాను, శవాల గదిలో ఒక్కొక్క గుడ్డా ఎత్తి చూపించారు, అందులో ఆయన లేడని సంతోషించాను, తర్వాత ఎన్నో ఏళ్ళకి ఆ సంతోషానికి సిగ్గుపడ్డాను. ఇంటి చూరులో ఆయన చొక్కా ఇప్పటికీ ఉంది, ఉతకలేదు. ఆవిడ ఏడవడం లేదు, అందుకని నేనూ ఏడవకూడదు. విలేకరి ఒకతను ఆవలించాడు, పాపం, ఇలాంటివి ఈ వారంలో ఎన్ని విన్నాడో. మీరేం కోరుతున్నారమ్మా అని అడిగారు. ఎముకలు, అన్నాను నేను. ఎక్కడున్నాయో చెబితే చాలు, తెచ్చుకుంటాను.

అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు. ఆయన శుక్రవారం ఆ షాపుకి వస్తాడని పోలీసులకి ఎవరు చెప్పి ఉంటారు, మీకేమైనా తెలుసా, అన్నాడు. నేను దాన్ని జూలూ చేశాను, నా గొంతుతో నేనే ఆవిణ్ణి అడిగాను, ఎవరు చెప్పారో నీకు తెలుసా అని. హాల్లో పంకాలు తిరుగుతున్నాయి. ఆవిడ గాజులోంచి నా కళ్ళలోకి చూసింది, చాలా మెత్తగా, చిన్నప్పుడు నా గౌను గుండీలు పెట్టేటప్పుడు చూసినట్టు. "అంగాజీ," అంది. తెలియదని. హాలంతా నా కోసం ఆగింది, ఆ ఒక్క మాట ఇంగ్లీషులో కావాలి వాళ్ళకి, చిన్న మాట.

"తెలియదు అని ఆవిడ చెబుతోంది," అన్నాను. "నాకు తెలుసు. చెప్పింది ఆ షాపు రెజీ. వాడు నా అన్న. భేకి మా చెరకులో ఉన్నాడు, ఉమ్‌హ్లాలిలో, వాగు వైపు కొయ్యకుండా వదిలేసిన మూలలో."

విలేకరుల తలలు వేదిక మీంచి గాజు వైపు తిరిగాయి. వాసీ నిలబడ్డాడు, వాడి చెయ్యి మీట మీద ఉంది, ఆపెయ్యలేదు. వేదిక మీద థోకొజిలే అటూ ఇటూ చూస్తోంది, అందరూ ఎందుకు తిరిగారో ఆవిడకి తెలియలేదు, ఆవిడ చెవిలో ఇంకా ఏమీ పడలేదు. నేను మీట జూలూ వైపు తిప్పి, భేకి నేర్పిన మాటల్లో అదంతా మళ్ళీ చెప్పాను, నెమ్మదిగా, తప్పుల్లేకుండా. ఆవిడ రెండు చేతులతో హెడ్‌ఫోన్లని చెవులకి అదుముకుంది. అధ్యక్షుడు ఏదో అంటున్నాడు, నేను దాన్ని అనువదించలేదు. ఆవిడ అతని వైపు చూడలేదు.

"ఇంకా అక్కడే ఉన్నాడా?" అని నన్ను అడిగింది.

"ఉన్నాడు మా."

థోకొజిలే హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది, వంగి సంచి అందుకుంది, మెట్లు దిగి, మధ్య దారి వెంట, ఎవరినీ పలకరించకుండా నా గాజు గది తలుపు దాకా నడిచి వచ్చి నిలబడింది, ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి.